ముంత ఆగిన సాయంత్రం

ఆ రోజుల్లో పాట వినాలంటే మనిషి కాళ్లకు చెప్పులు తొడుక్కుని ఇల్లు కదలాల్సిందే. ఇప్పుడు మా మనవడు టేప్‌రికార్డర్ మీట నొక్కి అన్నం తింటూ వింటాడు, లెక్కలు చేస్తూ వింటాడు, ఆఖరికి స్నానాల గది తలుపు ఓరగా పెట్టుకుని నీళ్లు పోసుకుంటూ కూడా వింటాడు. నిజంగా వింటున్నాడా అంటే అది వాడికే తెలియాలి. మొన్న వాడే అడిగాడు, "తాతా, మీ కాలంల పాటలు యాడ ఇంటుండ్రి?" అని. "కల్లు కాంపౌండ్‌ల" అని నోటిదాకా వచ్చింది. కానీ వంటింట్లో మా కోడలు (దేవుడి దయవల్ల చాలా పద్ధతైన మనిషి) ఓ చెవి ఇటే వేసి ఉండటం చూసి, "పెద్దోళ్ల దగ్గర బిడ్డా" అని మింగేశాను. వాడికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మీరు మాత్రం మా కోడలికి చెప్పకండి.

యాకుత్‌పురా రైలు స్టేషన్ వెనక సందులో ఉండేది ఆ కాంపౌండ్. ఉర్దూ మాట్లాడేవాళ్లు సేంధీఖానా అనేవారు. మూడు వైపులా మట్టిగోడ, ఒక వైపు రేకుల పందిరి, ఆ పందిరి కింద పాడేవాళ్లు కూర్చోవడానికి ఒక అరుగు. పొద్దున్నే ఊరి బయటి ఈతవనాల నుంచి బండ్ల మీద కల్లు కుండలు దిగేవి. పొద్దున తియ్యగా ఉండే కల్లు సాయంత్రానికి పదునెక్కుతుంది, మర్నాటికి పులిసిపోయి పారబోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. (ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నా జీవితమంతా దీని మీదే తిరిగింది.) పొద్దు వాలగానే అరుగు మీద పెట్రోమాక్స్ దీపం వెలిగేది, హార్మోనియం పెట్టె మూత లేచేది. ఇక స్టేషన్ కూలీలు, పాలవాళ్లు, గాజుల కొలిమి వాళ్లు, ఒళ్లు హూనమైన ప్రతి మనిషీ అటే నడిచేవాడు. కల్లు కోసం వచ్చేవాడు పాట విని వెళ్లేవాడు, పాట కోసం వచ్చేవాడు కల్లు తాగి వెళ్లేవాడు.

యజమానిని అందరూ బాపు అనేవాళ్లం. కుండల పక్కన పీట వేసుకుని, మీసం కింద చిన్న నవ్వుతో, ఎవరి ముంత ఖాళీ అయిందో చూస్తూ కూర్చునేవాడు. హార్మోనియం వాయించేది పెట్టె చాచా. పగలు చీరలకు జరీపని చేసే ఆ పెద్దమనిషి చుక్క కల్లు ముట్టేవాడు కాదు, పక్కనున్న హోటల్ నుంచి గ్లాసుడు చాయ్ తెచ్చుకుని పెట్టె మీద పెట్టుకునేవాడు. ఎవరైనా ఆట పట్టించి ముంత అందిస్తే, "నక్కో మియా, నా నిషా ఈ పెట్టెలోనే ఉంది" అని పెట్టెను తట్టేవాడు. అజాన్ వినిపించగానే చాచా చేయి ఆగేది. ఆయన నమాజు చేసి వచ్చేదాకా ఎంత తాగినవాడైనా గొంతు పెంచేవాడు కాదు. అది ఎవరూ పెట్టని నియమం.

ఇక రైలు మామ. స్టేషన్‌లో పట్టాలు మార్చే పని ఆయనది. నడి స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. ఆ చోట పొరపాటున కొత్తవాడు కూర్చుంటే నలుగురు లేపేవాళ్లు. పాట బాగుందనీ అనేవాడు కాదు, బాగాలేదనీ అనేవాడు కాదు, కానీ ప్రతి పాటకూ జనం ఒకసారి ఆయన వైపు చూసేవాళ్లు. ఎందుకు చూస్తారో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. గేటు దగ్గర గంప పెట్టుకుని గుడాలు అమ్మే ఆమె నాకు వరసకు మేనత్త. ఉడికించి ఎండుమిరపకాయల తాలింపు వేసిన శనగలు, బొబ్బర్లు, ఆ వాసనకు రైలు కూడా ఆగాలి. ఆమె పక్కన కూర్చుని మోదుగాకు దొప్పల్లో వాటిని పెట్టి ఇచ్చేది ఆమె కూతురు, అంటే నా మరదలు. నేను రోజూ కాంపౌండ్‌కు వెళ్లడానికి అసలు కారణం పాటా, కల్లా, గుడాలా అని మీరు అడగరని నా నమ్మకం.

నేనేమో పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో నౌకరీ చేసేవాణ్ని. గడప మీద నిలబడి దారినపోయేవాళ్లను లోపలికి పిలవడం నా పని. "రండమ్మా రండి, ఆయియే బేగం సాబ్, చీరలూ, గుల్బదన్, మల్మల్" అని పొద్దు వాలేదాకా అరిచేవాణ్ని. నేను అరిస్తే చార్మినార్ పావురాలు లేస్తాయని మా సేటు మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలు నుంచి నేను గాయకుడినని తేల్చుకోవడానికి నాకు ఆట్టే సమయం పట్టలేదు. అప్పట్లో కాంపౌండ్‌లో సన్నటి మనిషి ఒకాయన పాడేవాడు. కళ్లు మూసుకుని, ఎవరికోసమో కాదన్నట్టు పాడేవాడు. ఆయన పాడుతుంటే జనంలో ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఒకరోజు బాపు ఆయనకు కొత్త ధోవతి పెట్టి, దండం పెట్టి, పంపించేశాడు. జనాన్ని నిద్రపుచ్చితే పంపించక ఏం చేస్తారనుకుని, మర్నాడే నేను బాపు ముందు నిలబడ్డాను.

నేను పాడుతుంటే బాపు నా వైపు చూడనే లేదు. జనం వైపు, వాళ్ల చేతుల్లోని ముంతల వైపు చూశాడు. పాట సగంలో ఉండగానే, "చాలు బిడ్డా, రేపటి సంది నువ్వే పాడాలె" అన్నాడు. ఇక చూడండి నా వైభవం. నేను నోరు తెరవగానే కాంపౌండ్ అంతా కదిలేది. "బాపూ ఇంకో ముంత", "అక్కా ఇటు గుడాలు" అని నలుమూలల నుంచి కేకలు. ముంతలు గటగటా ఖాళీ అయ్యేవి. రైలు మామ ఒక చరణానికి ఒక ముంత చొప్పున లాగించేవాడు. జనం ఉత్సాహం చూసి నేను ఇంకా గొంతు పెంచేవాణ్ని, వాళ్లు ఇంకా తాగేవాళ్లు. నాకు పత్తర్‌గట్టి బుల్‌బుల్ అని పేరు పెట్టారు. (పెట్టినవాళ్లు నవ్వుతూనే పెట్టారు. ముద్దుగా పెట్టారనుకున్నాను.) అత్త అయితే రోజూ నాకు దొప్ప నిండా గుడాలు పెట్టి, "నీ గొంతు సల్లగుండ బిడ్డా, నువ్వొచ్చినంక గంపల గింజ మిగుల్తలేదు" అనేది. మేనత్త నోట ఈ మాట వింటే నాకు పిల్లనిచ్చినట్టే అనిపించేది.

అంతలో ఉస్మాన్‌గంజ్ నుంచి ఒక సంబంధం వచ్చిపడింది. గల్లా మండీలో ధాన్యం కాంటా వేసే పిల్లగాడట, నెమ్మదస్తుడట, గొంతు ఎత్తి మాట్లాడడట. అత్త ఊగిసలాడుతోందని తెలిసి నాకు అన్నం సయించలేదు. ఒక పొద్దున మరదలు నల్లా దగ్గర బిందె పట్టుకుని ఉంటే పోయి నిలబడ్డాను.

"గా ఉస్మాన్‌గంజ్‌ల నా లెక్క పాడేటోడు దొరుకుతడా?" అన్నాను, కొంచెం ఠీవిగా.

ఆమె బిందె వైపే చూస్తూ, "దొరకకపోతే మంచిదే గద బావా" అంది.

"ఏంది గట్లంటవ్? నేను పాడుతుంటే జనం ఎట్ల ఊగుతరో సూస్తలేవా?"

"ఊగుతలేరు బావా, తాగుతుండ్రు." అప్పుడు నా ముఖం చూసి జాలిపడింది కాబోలు, బిందె దించి నెమ్మదిగా చెప్పింది. "మా కాంపౌండ్‌ల పాట మంచిగుంటే ఎవలు ముంత ఎత్తరు. రైలు మామ ముంత కింద పెట్టి ఊకుంటడు, ఆయనను సూసి అందరు ఊకుంటరు. పాట మంచిగ లేకుంటెనే తాగుతరు, నములుతరు. మొదటాయన పాడితే మస్తు కల్లు మిగిలి పులుస్తుండె. గందుకే బాపు ఆయనకు ధోవతి పెట్టి పంపిండు. నీకు ధోవతి పెట్టడు, ఫికర్ జేయకు."

నా కాళ్ల కింద నల్లా నీళ్లు పారుతున్నాయో, నేనే పారిపోతున్నానో తెలియలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియకపోవడం ఎంత సిగ్గో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. "మరి మీ అమ్మ నన్ను మెచ్చుకుంటది గద?" అన్నాను. "అమ్మ గుడాలు అమ్ముకునే మనిషి. నేను ఇనేదాన్ని" అంది. బిందె నడుముకు ఎత్తుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "మామ ముంత ఆగేటట్టు ఒక్క పాట పాడు బావా. ఉస్మాన్‌గంజ్ ఓల్లకు నేనే వద్దని చెప్త" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. అందుకే నాకు భయమేసింది.

ఆ సాయంత్రం పాడుతూ మొదటిసారి జనం ముఖాలు కాదు, చేతులు చూశాను. పాపం, నా పాటను తట్టుకోవడానికి వాళ్లు ఎంత కష్టపడి తాగుతున్నారో అప్పుడు కనిపించింది. రైలు మామ అయితే నేను గుక్క తిప్పుకునేదాకా ఎత్తిన ముంత దించలేదు. శుక్రవారం దుకాణం సెలవు. తిన్నగా పెట్టె చాచా ఇంటికి పోయి ఆయన జరీ చట్రం పక్కన కూలబడ్డాను. "చాచా, నా గొంతు గంత ఖరాబా?" అని అడిగితే ఆయన సూది ఆపకుండానే నవ్వాడు.

"గొంతు అచ్ఛా హై బేటా. కానీ నువ్వు దుకాణంల గిరాకిని పిలిచినట్టు పాడుతవ్. ప్రతి లైన్ ఆఖర్ల గొంతు లేపుతవ్, ఆయియే ఆయియే అన్నట్టు. ఇనేటోడు అప్పుడే వచ్చి కూసున్నడు గద, మళ్ల ఎందుకు పిలుస్తవ్?"

"మీ అమ్మ ఏం పాడుతుండె?" అని ఆయనే మళ్లీ అడిగాడు. మా అమ్మ పొద్దున్నే విసుర్రాయి తిప్పుతూ ఒక పాట పాడేది. పుట్టింటి నుంచి అన్న వస్తాడని దారి చూసే ఆడపిల్ల పాట. దానికి గొప్ప రాగమేమీ లేదు, రాయి తిరిగే తీరే దాని తాళం. అది పాడి వినిపించాను. చాచా మొదటిసారి సూది ఆపి, "ఇదే పాడు. రాయి తిరిగినంత మెల్లగ పాడు" అన్నాడు. ఇక సాధన మొదలైంది. అసలు చిక్కు కూడా అప్పుడే మొదలైంది. మెల్లగా పాడటం అలవాటై, పత్తర్‌గట్టిలో కూడా "రండమ్మా" అనే మాట గొంతులోంచి తగ్గి తగ్గి, చెవిలో చెప్పినట్టు రాసాగింది. దారినపోయే ఒక పెద్దావిడ ఆగి, "అయ్యో, బిడ్డకు పానం బాగలేదా?" అని అడిగింది. సేటు నన్ను లోపల కూర్చోబెట్టి బట్టలు మడతపెట్టమన్నాడు.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. రాత్రిళ్లు చాప మీద పడుకుని ఎటు లెక్క వేసినా కుదిరేది కాదు. పాట బాగుంటే మరదలు ఒప్పుకుంటుంది, కానీ అత్త గుడాలు మిగిలి ఆమె మండిపడుతుంది, బాపు ధోవతి పెట్టి సాగనంపుతాడు. పాట బాగాలేకపోతే అత్త, బాపు నెత్తిన పెట్టుకుంటారు, పిల్ల మాత్రం ఉస్మాన్‌గంజ్ పోతుంది. ప్రపంచంలో ఏ గాయకుడికైనా ఇటువంటి గతి పట్టిందేమో నాకు తెలియదు.

చివరికి ఉస్మాన్‌గంజ్ వాళ్లు మర్నాడు ఖాయం చేసుకోవడానికి వస్తున్నారని తెలిసిన రోజు రానే వచ్చింది. ఆ రోజే స్టేషన్ వాళ్లకు జీతాలు. కాంపౌండ్ కిటకిటలాడింది. రద్దీ ఉంటుందని బాపు మామూలు కంటే ఎక్కువ కుండలు దింపించాడు, నన్ను చూసి "దంచు బిడ్డా ఇయ్యాల" అని భుజం తట్టాడు. అత్త రెండు గంపలతో వచ్చింది. చాచా నమాజు నుంచి తిరిగొచ్చి, చాయ్ ఒక గుక్క తాగి, పెట్టె మీద ఒకే ఒక్క స్వరం మెల్లగా పట్టి నా వైపు చూశాడు. నేను గేటు వైపు చూశాను. మరదలు దొప్పలు పేరుస్తోంది, తల ఎత్తలేదు.

విసుర్రాయి పాట మొదలుపెట్టాను. మొదటి లైనుకు జనం అలవాటు ప్రకారం ముంతలు ఎత్తారు. రెండో లైనుకు ఇద్దరు ముగ్గురు దించారు. అప్పుడు చూశాను, రైలు మామ ముంత పెదవికి జానెడు దూరంలో గాలిలో ఆగి ఉంది. ఆయన దాన్ని తాగనూ లేదు, దించనూ లేదు, దాన్ని పట్టుకున్న సంగతే మరిచినట్టున్నాడు. ఆ ముంతను చూడగానే నాకు ఎంత సంతోషం కలిగిందంటే, తర్వాతి లైను మరిచిపోయాను.

మొత్తంగా మరిచిపోయాను. పుట్టినప్పటి నుంచి విన్న పాట, ఒక్క మాట గుర్తులేదు. చాచా అదే స్వరం మీద పెట్టె ఊపుతూ కళ్లద్దాల మీదుగా నన్ను చూస్తున్నాడు. బాపు మీసం కింద నవ్వు మొలిచింది. మామ ముంత ఇంకా గాలిలోనే ఉంది, ఏ క్షణానైనా పెదవిని తాకేటట్టుంది. అది తాకితే నా బతుకు ఉస్మాన్‌గంజ్ కాంటాలోకి పోయినట్టే. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు గేటు దగ్గర నుంచి తర్వాతి లైను వినిపించింది. మా ఇళ్లలో ఆ పాట ఒక్క మా అమ్మదే కాదు గదా, అత్త కూడా అదే పాడుతూ పిండి విసిరేది, ఆమె కూతురూ అదే వింటూ పెరిగింది. మరదలు దొప్పల వైపే చూస్తూ, పనిలో ఉన్న మనిషి తనలో తను పాడుకున్నట్టు పాడింది. ఆమె ఒక లైను అందిస్తే నాకు మరో లైను గుర్తొచ్చింది. అలా ఒకరికొకరం అందించుకుంటూ పాట చివరికి తీసుకుపోయాం. అన్న వచ్చాడో లేదో ఆ పాటలో చెప్పరు, రాయి ఆగిపోతుంది అంతే. పాట అయిపోయాక ఒక్క ముంత కదల్లేదు. దూరంగా స్టేషన్‌లో ఇంజను ఆవిరి వదిలిన చప్పుడు వినిపించింది. రైలు మామ చేతిలోని ముంతను కొత్తగా చూసినట్టు చూసి, మెల్లగా నేల మీద పెట్టాడు.

ఆ తర్వాత ఎవరికీ తాగబుద్ధి కాలేదు. బాపు నిండు కుండల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "నన్ను ముంచితివి గదరా, ఇంత కల్లు ఎవల నెత్తిన పోయాలె? మీ ఇద్దర్ని కలిపి మళ్ల నా కాంపౌండ్‌ల నోరిప్పనియ్య" అన్నాడు. అత్త లేచి తన రెండు గంపలు చూసుకుంది, కూతుర్ని చూసింది, నన్ను చూసింది. నేను అరుగు దిగి తల వంచుకుని నిలబడ్డాను.

"గీ గుడాలన్ని ఎవలు తినాలె ఇప్పుడు?" అంది అత్త.

అప్పుడు, పాట గురించి కానీ మనుషుల గురించి కానీ ఎన్నడూ పెదవి విప్పని రైలు మామ, "పెండ్లికి పెట్టు చెల్లె" అన్నాడు.

"పెండ్లి దాక ఉంటయా అన్నా, పొద్దుగాలకు వాసనొస్తయ్."

"అయితే ఇప్పుడే ఖాయం చేయ్."

అత్త కూతురి వైపు తిరిగింది. మరదలు అప్పటికే దొప్పల్లో గుడాలు పెట్టి అందరికీ పంచడం మొదలుపెట్టింది, మొదటి దొప్ప మామకు, రెండోది చాచాకు. అత్త కాసేపు చూసి, "గట్లనే కానీయుండ్రి. ఉస్మాన్‌గంజ్ ఓల్లకు పొద్దుగాల్నే కబురు పంపుత" అని కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. నా పెళ్లి ఖాయమైన విందు అదే. మిగిలిన కల్లు కూడా బాపు తిట్టుకుంటూనే ఊరికే పోయించాడు.

బాపు మాట మీద నిలబడే మనిషే కానీ ఎండాకాలం రాగానే తగ్గాడు. ఎండలకు ఈతచెట్లలో కల్లు సరిగా దిగేది కాదు. వచ్చే జనం తగ్గరు, ఉన్న కల్లు చాలదు, లొల్లి అవుతుంది. ఒక సాయంత్రం మనిషిని పంపాడు, "కల్లు తక్కువొచ్చింది, నువ్వు, నీ పెండ్లాం ఇద్దరు వచ్చి జర పాడుండ్రి" అని. అప్పటి నుంచి కుండలు నిండుగా దిగిన రోజు నన్ను ఒంటరిగా పిలిచి "దుకాణం లెక్క పాడు" అనేవాడు, తక్కువ దిగిన రోజు ఇద్దరినీ పిలిచేవాడు. రెండు రకాల గొంతుకూ పని దొరికిన గాయకుణ్ని నేనొక్కడినే అని ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఆ కాంపౌండ్ ఇప్పుడు లేదు. బాపూ, చాచా, మామా ఎవరూ లేరు. ఆ సందులో పోతే ఎక్కడ అరుగు ఉండేదో కూడా నేను చెప్పలేను. పొద్దున్నే వాకిట్లో నేనూ నా మరదలూ చాయ్ తాగుతాం, ఆమె సాసర్‌లో పోసుకుని తాగుతుంది. ఎప్పుడైనా బుద్ధి పుట్టి ఆ విసుర్రాయి పాట ఎత్తుకుంటాను, గొంతు ఇప్పుడు వణుకుతుంది, అయినా ఎత్తుకుంటాను. ఓరకంటితో సాసర్ వైపు చూస్తుంటాను. చాలా రోజులు అది ఆగకుండా తిన్నగా నోటికే పోతుంది, ఆమె చాయ్ చప్పరించి "పాలు జర తక్కువైనయ్" అంటుంది. కానీ ఒక్కోరోజు, రెండో లైను దగ్గర, ఆ సాసర్ పెదవికి జానెడు దూరంలో ఆగిపోతుంది. అది చూసిన సంతోషంలో నేను తర్వాతి లైను మరిచిపోతాను. మా మనవడు టేప్ ఆపి లోపలి నుంచి తొంగి చూస్తాడు. సాసర్ దించకుండానే, నా వైపు చూడకుండానే, ఆమె అందుకుంటుంది.